మందులకు లొంగని మూత్రపిండ వ్యాధి

మూత్రము పోయునప్పుడు మంట కలుగుట మన దేశమున అతి సాధారణమైన బాధ. వేడి చేసినదని కొందరు, నీరు తక్కువగా త్రాగితిమని కొందరు తమకు తామే సమాధానము చెప్పుకొందురు. బార్లీ నీరో, సబ్జా గింజల నీరో, మజ్జిగయో త్రాగి రెండు దినములు ఓర్చుకొందురు. అప్పటికిని తగ్గనిచో వీధి చివరనున్న మందుల దుకాణమునకు మనిషిని పంపి, క్రిందటి పర్యాయము వాడిన మాత్రలనే నాలుగు తెప్పించుకొందురు. రెండు మాత్రలతో మంట చల్లారును. మిగిలిన రెండును అలమరలోనికి పోవును.

అనేక కుటుంబములలో ఈ కథ ఇంతటితో ముగియును. కొన్ని కుటుంబములలో ముగియదు. నాలుగవ నాడో అయిదవ నాడో రోగికి చలి వణకుతో జ్వరము వచ్చును. నడుమునకు పైన, ప్రక్కటెముకల క్రింద ఒక వైపున నొప్పి బయలుదేరును. వాంతులగును. మరుసటి దినమునకు మాట తడబడును; మూత్రము తగ్గిపోవును; చేతులు కాళ్ళు చల్లబడును. మంటతో ఆరంభమైన బాధ వారము తిరుగక మునుపే ప్రాణాపాయముగా పరిణమించును.

ఆ మంటకును ఈ ప్రాణాపాయమునకును నడుమ ఏమి జరిగినది? మాత్రలు ఏల పనిచేయలేదు? ఏ సమయమున ఏమి చేసియున్నచో ఆపద తప్పియుండెడిది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము ప్రతి గృహస్థుడును, ప్రతి గృహిణియు తెలిసికొనదగినది.

మూత్రపిండముల పని

వెన్నెముకకు ఇరుప్రక్కల, చిక్కుడు గింజ ఆకారమున మనకు రెండు మూత్రపిండములు కలవు. ఒక్కొక్కటి సుమారు 10 నుండి 12 సెంటీమీటర్ల పొడవు, 150 గ్రాముల బరువు ఉండును. ఒక్కొక్క దానిలో దాదాపు 10 లక్షల సూక్ష్మమైన వడపోత యంత్రములున్నవి. గుండె వెలువరించు రక్తములో సుమారు అయిదవ వంతు ఈ రెండు చిన్న అవయవములకే పోవుచున్నది. దినమునకు 180 లీటర్ల ద్రవము వీనిలో వడకట్టబడును; అందులో అధికభాగము మరల రక్తములో చేరగా, ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రమై రెండు నాళముల ద్వారా మూత్రాశయమునకు దిగివచ్చును.

ఇంతటి రక్తప్రవాహముగల చోట సూక్ష్మజీవులు స్థిరపడినచో, అవి రక్తములో ప్రవేశించుటకు ఎంతో దూరము పోనక్కరలేదు. మూత్రాశయమునకు పట్టిన వ్యాధికిని, మూత్రపిండమునకు పట్టిన వ్యాధికిని గల భేదమంతయు ఇందులోనే ఉన్నది. మొదటిది బాధాకరము, రెండవది ప్రమాదకరము.

క్రిమి వచ్చు మార్గము

ఈ వ్యాధిని కలిగించు క్రిములలో ప్రధానమైనది ఈ.కోలి. 1885లో థియొడోర్ ఎషెరిక్ అను వైద్యుడు దీనిని వర్ణించెను. ఇది మన ప్రేవులలో నిత్యము నివసించునదే. అక్కడ ఉన్నంతవరకు సాధారణముగా మనకు హాని చేయదు. మలద్వారము నుండి మూత్రద్వారమునకు చేరి, అక్కడి నుండి పైకి ప్రాకినప్పుడే శత్రువగును. క్లెబ్సియెల్లా, ప్రోటియస్, సూడోమొనాస్ అను క్రిములు కూడ ఇట్లే వ్యాధిని కలిగింపగలవు.

స్త్రీలలో మూత్రము వెలుపలికి వచ్చు మార్గము సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే. పురుషులలో దాదాపు 20 సెంటీమీటర్లు. అందువలననే ఈ బాధ స్త్రీలలో అధికము. సహజముగా మూత్రప్రవాహము క్రిములను క్రిందికి కడిగివేయును. కాని కొన్ని జాతుల ఈ.కోలి తమ ఒంటిపైనున్న సన్నని నూలుపోగులవంటి అంగములతో మూత్రాశయపు గోడను గట్టిగా పట్టుకొనును. అనుకూల పరిస్థితులలో ఈ క్రిమి 20 నిమిషములకొక పర్యాయము రెండుగా చీలును. ఈ లెక్కన ఒక్క క్రిమి 7 గంటలలో 20 లక్షలకు మించిన సంతతి కాగలదు.

మధుమేహ రోగులు, గర్భిణులు, మూత్రమార్గమున రాళ్ళున్నవారు, ప్రోస్టేటు గ్రంథి పెరిగిన వృద్ధులు, మూత్రము వెడలుటకు గొట్టము అమర్చబడినవారు—వీరికి క్రిమి పైకెక్కు అవకాశము ఎక్కువ. రాయి అడ్డుపడి మూత్రము నిలిచిపోయినచో, నిలువనీటిలో పాచివలె క్రిములు వృద్ధియగును. అట్టి స్థితిలో ఎంత గొప్ప మందైనను ఒంటరిగా చాలదు. నిలిచిన మూత్రమును, చీమును గొట్టము ద్వారా వెలుపలికి తీయవలసియుండును.

మందు వచ్చెను, హెచ్చరికయు వచ్చెను

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను కనుగొనెను. భీమవరములో 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనకు అధిపతిగా నుండగా, ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ కనుగొనిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు చెందిన మందులలో అదియే మొదటిది. పూణే సమీపమున పింప్రీలో ప్రభుత్వము నెలకొల్పిన కర్మాగారము 1955లో పెనిసిలిన్ ఉత్పత్తిని ఆరంభించెను. అంతకుముందు ప్రాణములు తీసిన అనేక వ్యాధులు ఈ మందులతో నయమగుట ఆ తరమువారు కన్నులార చూచిరి.

అయితే ఫ్లెమింగ్ 1945 డిసెంబరులో నోబెల్ బహుమాన సందర్భమున చేసిన ఉపన్యాసములోనే ఒక హెచ్చరిక చేసెను. ఒకడు గొంతునొప్పికి తానే పెనిసిలిన్ కొని, చాలీచాలని మోతాదులో వాడుకొనును. క్రిములు చావక మందును ఎదిరించుట నేర్చుకొనును. ఆ క్రిములే అతని భార్యకు సోకగా ఆమెకు మందు పనిచేయదు. ఇది ఆయన ఊహించి చెప్పిన కథ. మన అలమరలోని రెండు మాత్రలు ఆ కథకు ఎంతో దూరము లేవు.

క్రిమి లొంగకుండుట ఎట్లు?

ఇచ్చట ఒక పొరపాటును తొలగించుకొనవలెను. మందునకు అలవాటుపడునది మన శరీరము కాదు, క్రిమి. లక్షలాది క్రిములలో ఏ ఒకటి రెంటిలోనో జన్యువుల మార్పువలన మందును ఎదిరించు శక్తి పుట్టియుండును. మందు పడినప్పుడు లొంగు క్రిములు చచ్చును. లొంగనివి మిగిలి, ఖాళీయైన స్థలమంతయు ఆక్రమించును. అనవసరముగా మందు వాడిన ప్రతి పర్యాయము మనము చేయుచున్నది ఈ ఏరివేతయే.

ఎదిరించు విధములు పెక్కు. కొన్ని క్రిములు మందును తునాతునకలు చేయు ఎంజైములను తయారుచేయును. కొన్ని లోపలికి వచ్చిన మందును వెలుపలికి తోడివేయును. మరికొన్ని మందు పట్టుకొనవలసిన భాగమునే మార్చుకొనును. అన్నిటికంటె విచారింపదగిన విషయము వేరొకటి కలదు. ఈ విద్యను ఒక క్రిమి మరియొక క్రిమికి, ఒక జాతి మరియొక జాతికి, ప్లాస్మిడ్ అను చిన్న జన్యువలయము ద్వారా అందింపగలదు. జిగట విరేచనములు కలిగించు షిగెల్లా క్రిమి నుండి ఈ.కోలికి ఈ శక్తి ఇట్లు సంక్రమించుచున్నదని జపాను శాస్త్రజ్ఞులు 1959లో నిరూపించిరి.

ఇందుకు మన దేశముతో సంబంధముగల ఉదాహరణమొకటి ఉన్నది. భారతీయ సంతతికి చెందిన ఒక స్వీడన్ దేశస్థుడు ఢిల్లీలో చికిత్స పొంది స్వదేశమునకు తిరిగివెళ్ళెను. 2008 జనవరిలో అతని మూత్రమున క్లెబ్సియెల్లా క్రిమి కానవచ్చెను. వైద్యులు ఆఖరి ఆయుధములుగా దాచుకొను కార్బపెనెమ్ మందులకు సైతము అది లొంగలేదు. ఆ మందులను విరుగగొట్టు ఎంజైమునకు ఎన్.డి.ఎమ్.-1 అను పేరు పెట్టి, శాస్త్రజ్ఞులు 2009లో ఆ సంగతిని ప్రకటించిరి. అదే రోగి మలమునందలి ఈ.కోలిలో కూడ ఆ జన్యువే కనబడెను.

మందుల అవశేషములు నీటిలో కలియుట కూడ ఈ కీడునకు తోడ్పడును. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరు వద్ద మందుల కర్మాగారముల మురుగునీటిని శుద్ధిచేయు కేంద్రము నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో ప్రకటింపబడిన పరిశోధనలో తేలినది. ఆ మందు వాడు రోగి రక్తములో నుండు పరిమాణముకంటె ఇది అధికము.

మన పెద్ద ఆసుపత్రులలో రోగుల నుండి తీసిన ఈ.కోలి క్రిములలో సగమునకు మించి సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగనివిగా ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి వారి పరిశీలనలు తెలుపుచున్నవి. దుకాణము నుండి తెచ్చుకొనిన పాత మాత్ర ఏల పనిచేయలేదో ఇప్పుడు గ్రహింపవచ్చును. మొదట మంట తగ్గుట కూడ నమ్మదగిన గుర్తు కాదు. లొంగు క్రిములు చచ్చినందున బాధ తాత్కాలికముగా తగ్గవచ్చును. లొంగనివి ఈలోగా పైకి ప్రయాణము చేయుచుండును.

రక్తమునకు ప్రాకిన వ్యాధి

క్రిములనెదుర్కొనుటకు శరీరము చేయు పోరాటము అదుపుతప్పి, తన అవయవములకే హాని చేయు స్థితిని సెప్సిస్ అందురు. రక్తనాళములు సడలి వ్యాకోచించును, వాని గోడల నుండి ద్రవము వెలుపలికి ఊరును, రక్తపుపోటు పడిపోవును. సన్నని నాళములలో రక్తము గడ్డకట్టి అవయవములకు ప్రాణవాయువు అందకుండును. మెదడునకు అందనిచో మనిషి తికమకపడును. మూత్రపిండములకు అందనిచో మూత్రము తగ్గును.

ఇది ముసలివారికి, బలహీనులకు మాత్రమే వచ్చు ఆపదయనుకొనరాదు. బ్రెజిల్ దేశమున సౌందర్య పోటీలలో పేరుపొందిన మరియానా బ్రిడి అను 20 ఏండ్ల యువతికి మూత్రమార్గమున సూడోమొనాస్ క్రిమి సోకెను. అనేక మందులను ఎదిరింపగల క్రిమి అది. వ్యాధి సెప్సిస్‌గా మారి, రక్తప్రసారము ఆగినందున ఆమె చేతులను, పాదములను వైద్యులు తొలగింపవలసివచ్చెను. అయినను ఆమె 2009 జనవరి 24న మరణించెను.

2017వ సంవత్సరమున ప్రపంచమందు 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ కలిగినదనియు, 1 కోటి 10 లక్షల మంది మరణములు దానితో ముడిపడియున్నవనియు నిపుణులు అంచనా వేసిరి. మందులకు లొంగని క్రిములే నేరుగా కారణమైన మరణములు 2019లో 12 లక్షల 70 వేలని మరియొక అంచనా.

ఈ వ్యాధిలో గడియారము రోగికి ప్రతికూలముగా నడచును. సెప్సిస్ వలన రక్తపుపోటు పడిపోయిన రోగులను పరిశీలించి 2006లో ప్రకటించిన అధ్యయనమున, సరియైన మందు మొదలిడుటలో ఆలస్యమైన ఒక్కొక్క గంటకు బ్రతుకు అవకాశము సగటున నూటికి 7.6 వంతున తగ్గినట్లు కనబడినది. సరియైన మందు అను మాటను గమనింపవలెను. లొంగని క్రిమికి తప్పు మందు ఇచ్చిన గంటలన్నియు మందు ఇయ్యని గంటలతో సమానమే.

మందునకు ముందు మూత్రపరీక్ష

ఏ క్రిమి, ఏ మందునకు లొంగును అను సంగతి ముఖము చూచి ఎవరును చెప్పజాలరు. దానిని తెలుపు పరీక్షయే మూత్ర కల్చరు. ప్రయోగశాలలో మూత్రమునందలి క్రిములను పెంచి, వేర్వేరు మందుల ఎదుట పరీక్షించి, ఏది పనిచేయునో ఏది పనిచేయదో పట్టికగా వ్రాసి ఇత్తురు. ఇందుకు సాధారణముగా ఒకటి నుండి మూడు దినములు పట్టును.

పరీక్షకు మూత్రము పట్టుటలో శ్రద్ధ అవసరము. మూత్రద్వారమును నీటితో శుభ్రపరచుకొని, మొదటి ధారను విడిచి, నడిమి ధారను ప్రయోగశాలవారిచ్చిన శుభ్రమైన సీసాలో పట్టవలెను. సీసా లోపలిభాగమును వ్రేళ్ళతో తాకరాదు. రెండు గంటలలో ప్రయోగశాలకు చేర్పవలెను. వీలుకానిచో శీతల యంత్రములో ఉంచవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది: మొదటి మాత్ర మ్రింగకమునుపే మూత్రము పట్టవలెను. ఒక్క మోతాదు లోపలికి పోయినను క్రిమి పరీక్షలో పెరుగకపోవచ్చును. అపుడు వైద్యునికి దారి చూపునది లేకపోవును.

వ్యాధి తీవ్రముగానున్నచో ఫలితము వచ్చువరకు వైద్యుడు ఊరకుండడు. మూత్రము, రక్తము పరీక్షకు తీసిన వెంటనే తన అనుభవమునుబట్టి ఒక మందు ఆరంభించి, ఫలితము వచ్చిన పిమ్మట మార్చవలసినచో మార్చును. ఫలితపు కాగితమును జాగ్రత్తగా దాచుకొని, మరల బాధ కలిగినచో వైద్యునికి చూపుట మేలు. మూత్రాశయమునకు పనిచేయు మందులన్నియు మూత్రపిండమునకు పనిచేయవని కూడ తెలిసికొనవలెను. నైట్రోఫ్యురాంటోయిన్ అను మాత్ర మూత్రములో చేరి మూత్రాశయమున బాగుగా పనిచేయును గాని, మూత్రపిండపు కండలో తగినంత నిలువదు. పొరుగువారికి నయము చేసిన మాత్ర మనకు నయము చేయకుండుటకు ఇదియొక కారణము.

ఏ బాధయు లేనివారి మూత్రమున క్రిములు కనబడినంత మాత్రమున మందు వాడనక్కరలేదు. గర్భిణుల విషయము వేరు. వారికి బాధ లేకున్నను పరీక్ష చేయించి, క్రిములున్నచో వైద్యుని సలహాతో చికిత్స పొందవలెను; ఉపేక్షించినచో మూత్రపిండములకు ప్రాకి తల్లికి, బిడ్డకు కీడు కలుగవచ్చును.

తెల్లవారువరకు ఆగరాని లక్షణములు

చలి వణకుతో జ్వరము, ప్రక్కటెముకల క్రింద నొప్పి, వాంతులు కనబడినచో వ్యాధి మూత్రపిండములకు చేరినదని అనుమానించి అదే దినమున వైద్యుని చూడవలెను. ఊపిరి వేగముగా పీల్చుట, మాట తడబడుట, తికమక, అమితమైన మగత, మూత్రము బాగుగా తగ్గిపోవుట, చర్మము చల్లబడి మచ్చలు తేలుట—వీనిలో ఏ ఒక్కటి కనబడినను అది సెప్సిస్ కావచ్చును. అర్ధరాత్రియైనను అన్ని సౌకర్యములుగల ఆసుపత్రికి తీసికొనిపోవలెను. అనేక రాష్ట్రములలో 108కి ఫోను చేసినచో వాహనము వచ్చును. వృద్ధులలో జ్వరము లేకయే వ్యాధి ముదురవచ్చును. నిన్నటివరకు చక్కగా మాటలాడిన తాతగారు నేడు మనుష్యులను గుర్తింపకున్నచో వయస్సు ప్రభావమని సరిపెట్టుకొనరాదు. పసిబిడ్డలలో కారణము తెలియని జ్వరమే ఏకైక లక్షణము కావచ్చును. ఆలస్యము అమృతమును విషము చేయునన్న పెద్దల మాట ఇచ్చట అక్షరాల నిజము.

ఇంటిలో పాటింపవలసినవి

మంచినీరు తగినంత త్రాగవలెను. మూత్రమును గంటల తరబడి ఆపుకొనరాదు. బడులలోను, పనిచేయు చోట్లను శుభ్రమైన మరుగుదొడ్లు లేనందున నీరు త్రాగుటయే మానుకొను బాలికలు, స్త్రీలు పెక్కుమంది కలరు. వారికి ఆ సౌకర్యము కల్పించుట కూడ వ్యాధినివారణయే. మలవిసర్జన పిమ్మట ముందునుండి వెనుకకు శుభ్రపరచుకొనవలెను. మధుమేహమును అదుపులో ఉంచుకొనవలెను. రోగికి మూత్రపు గొట్టము అమర్చినచో, అది ఇంకను అవసరమా అని ప్రతిదినము వైద్యుని అడుగుట తప్పు కాదు.

వైద్యుడు వ్రాసిన మందును వ్రాసిన మోతాదులో, చెప్పినన్ని దినములు వాడవలెను; స్వంత నిర్ణయముతో తగ్గింపరాదు, పొడిగింపరాదు. జలుబునకు, మామూలు దగ్గునకు యాంటీబయాటిక్ ఇమ్మని వైద్యుని నిర్బంధింపరాదు. మాత్రల అట్టపై నిలువుగా ఎఱ్ఱని గీత ఉన్నచో అది వైద్యుని చీటీ లేకుండ కొనగూడని మందని గుర్తు. 2014 మార్చి 1 నుండి అమలులోనున్న హెచ్1 నిబంధన ప్రకారము, మూడవ, నాల్గవ తరము సెఫలోస్పోరిన్లు, కార్బపెనెమ్‌లు మున్నగు మందులను అమ్మినపుడు రోగి పేరు, వైద్యుని పేరు దుకాణదారుడు ప్రత్యేక పుస్తకమున వ్రాసికొనవలెను. చీటీ అడిగిన దుకాణదారుడు మనలను బాధింపవలెనని అడుగుటలేదు.

ఇక అలమరలో మిగిలిన ఆ రెండు మాత్రల సంగతి. వానిని ఇంటిలో మరియొకరి కొరకు దాచరాదు, పొరుగువారికి ఈయరాదు, మరల మంట పుట్టినపుడు అవి కంటబడినను మ్రింగరాదు. ఆ దినమున మొదట చేతికి తీసికొనవలసినది మాత్ర కాదు. మూత్రపరీక్షకై శుభ్రమైన సీసా. ఆ సీసా ఖరీదు స్వల్పము. దానివలన సరియైన మందు ఒక్క దినము ముందుగా దొరకినచో, ఒక మూత్రపిండము దక్కవచ్చును; ఒక ప్రాణమును దక్కవచ్చును.